నగరం నడుమ అడవి – మనం పీల్చే గాలి

"పార్కులు నగరానికి ఊపిరితిత్తులు" అనే మాటను మనం హైస్కూలు వ్యాసరచన పోటీల నాటినుంచి రాస్తున్నాం. రాసినవారికి మార్కులూ పడుతున్నాయి. ఐతే సైన్సు విద్యార్థిగా ఆ మాటను ఒకసారి పట్టి చూడాలనిపించింది. ఊపిరితిత్తులు గాలిని శుభ్రం చేసే యంత్రాలు కావు. అవి గాలిని లోపలికి తీసుకుంటాయి. ఆ గాలిలో మురికి ఉంటే దాన్ని తామే మోస్తాయి. మరి నగరంలోని చెట్లు గాలిని నిజంగా శుభ్రం చేస్తాయా? చేస్తే ఎంత? ఎలా? ఈ ప్రశ్నలకు జవాబు తెలుసుకోకుండా "చెట్లు నాటండి" అనడం, మట్టి పరీక్ష చేయించకుండా బస్తాలకొద్దీ యూరియా చల్లడంవంటిది. వ్యవసాయదారుల ఇంట పుట్టినవాణ్ణి గనుక నాకు ఈ పోలికే ముందుగా తోచింది.

ఈ వ్యాసానికి ఉదాహరణగా జూబిలీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనాన్ని, అనగా అందరం కే.బి.ఆర్. పార్కు అని పిలుచుకునేదాన్ని తీసుకుంటున్నాను. ఒక మహానగరం నట్టనడుమ జాతీయ ఉద్యానవనం ఉండటం దేశంలో బహు అరుదు. పైగా దాని చుట్టూ రోడ్లు వెడల్పు చేయాలా వద్దా అన్న తగవు ఏళ్ళ తరబడి నడుస్తున్నది. ఆ తగవులో ఏ పక్షాన నిలబడాలన్నా ముందు కొంచెం సైన్సు, కొంచెం లెక్క తెలియాలి.

గుట్టలు, తుప్పలు, స్టూడియోలు

ఈనాడు జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ అనగానే సినిమా తారల మేడలు, స్టూడియోలు గుర్తొస్తాయి. కాని ఇవి మొదట బండరాళ్ళ గుట్టలు. దక్కను పీఠభూమిలోని ఈ గ్రానైటు శిల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రం చెబుతోంది. రాతి సందుల్లో ఉన్న కొద్దిపాటి మట్టిని పట్టుకుని ముళ్ళ తుప్పలు, పొట్టి చెట్లు పెరిగేవి. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో అన్నపూర్ణా స్టూడియోస్ ప్రారంభించిననాటికి ఈ చుట్టుపక్కల రాళ్ళే ఎక్కువ, ఇళ్ళు తక్కువ. మద్రాసునుంచి తెలుగు చిత్రపరిశ్రమ ఇటు తరలివచ్చింది. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వెలిశాయి. వాటితోపాటే ఫిల్మ్‌నగర్ పెరిగింది.

ఈ మార్పంతటి మధ్య ఒక ముక్క మాత్రం మిగిలింది. చివరి నిజాం మనుమడు ముకర్రం జాకు చెందిన చిరాన్ ప్యాలెస్ ఆవరణ అది. పెద్ద ఆవరణ, చుట్టూ కాపలా ఉండటంచేత గొడ్డలి లోపలికి పోలేదు. 1998లో ప్రభుత్వం దీన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి, 1964నుంచి 1971దాకా ముఖ్యమంత్రిగా ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డిగారి పేరు పెట్టింది. విస్తీర్ణం సుమారు 142.5 హెక్టార్లు, అంటే మన లెక్కలో దాదాపు 352 ఎకరాలు. సుమారు 600 రకాల మొక్కలు, 140 రకాల పక్షులు ఇందులో ఉన్నాయంటారు. నెమళ్ళు సరేసరి, ముళ్ళపంది, అలుగు, పునుగుపిల్లి వంటివి కూడా ఇక్కడ ఉన్నాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఇది ఎవరో నాటిన తోట కాదు. నరకకుండా వదిలేసిన అడవి.

గాలిలో ఏముంది?

గాలి కాలుష్యం అనగానే పొగ కళ్ళకు కనిపిస్తుంది. కాని ఎక్కువ హాని చేసేది కంటికి కనిపించని సన్నని ధూళి. 10 మైక్రాన్లకంటె చిన్న కణాలను ఒక తరగతిగా, 2.5 మైక్రాన్లకంటె చిన్నవాటిని మరొక తరగతిగా కొలుస్తారు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే ఈ రెండవ రకం కణం వెంట్రుక మందంలో ఇరవై ఎనిమిదో వంతుకంటె చిన్నది. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని జిగురు దీన్ని ఆపలేవు. నేరుగా ఊపిరితిత్తుల చివరనున్న గాలి తిత్తులదాకా పోతుంది. అక్కడినుంచి కొంత రక్తంలోకీ చేరుతుంది.

2009లో మన దేశం నిర్ణయించుకున్న ప్రమాణం ప్రకారం ఈ సన్న ధూళి ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో 40 మైక్రోగ్రాములు దాటరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించి చెప్పిన హద్దు 5 మైక్రోగ్రాములు మాత్రమే. మన హద్దు దానికి 8 రెట్లు! 2019లో కేంద్ర ప్రభుత్వం జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ప్రమాణాలు దాటిన నగరాల జాబితాలో హైదరాబాదు ఉంది. మా జిల్లా కేంద్రం నల్లగొండ కూడా ఉంది. కనుక ఇది పట్నంవాళ్ళ గొడవ, మనకెందుకు అని పల్లెటూరి మిత్రులు అనుకోవడానికి వీల్లేదు.

ఈ ధూళి ఎక్కడినుంచి వస్తోంది? వాహనాల పొగ, టైర్ల కింద లేచే రోడ్డు దుమ్ము, ఇళ్ళ కట్టడం, రాళ్ళు కొట్టడం, చెత్త తగలబెట్టడం, డీజిల్ జనరేటర్లు. జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో ఇవన్నీ ఉన్నాయి. షూటింగు జరిగేచోట ఆగి ఉన్న జనరేటర్ వ్యానును చూడనివారు ఎవరు?

ఆకు చేసే పని

ఆకు రెండు రకాలుగా గాలిని శుభ్రం చేస్తుంది. మొదటిది, ధూళి కణాలు ఆకు మీద వాలి అంటుకుంటాయి. నూగు ఉన్న ఆకులు, గరుకు ఆకులు, మైనపు పొర ఉన్న ఆకులు ఎక్కువ పట్టుకుంటాయి. వాన పడితే ఆ ధూళి కడుక్కుపోయి నేలలో కలుస్తుంది. గట్టిగా గాలి వీస్తే కొంత మళ్ళీ లేస్తుంది కూడా. రెండవది, పత్రరంధ్రాల ద్వారా నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్ వంటి వాయువులు లోపలికి పోయి అక్కడ రసాయన మార్పు చెందుతాయి.

ఇది ఎవరైనా చూడవచ్చును. నేను, మా క్లాసు మిత్రులు ఇద్దరు ఒక ఆదివారం తడిపిన తెల్ల గుడ్డపేలికలు పట్టుకుని పోయాం. పార్కు బయట రోడ్డు మీదికి వంగిన కొమ్మల ఆకుల్ని ఒక పేలికతో తుడిచాం. టిక్కెట్టు కొనుక్కుని లోపలికి పోయి, నడకదారి పక్కన బాగా లోపలున్న ఆకుల్ని ఇంకొక పేలికతో తుడిచాం. ఆకు ఒక్కటీ తెంపలేదు. బయటి పేలిక మసిగుడ్డలాగా నల్లబడింది. లోపలిదానికి పల్చని మట్టిరంగు మాత్రం అంటింది. దీన్ని పరిశోధన అనను. కాని రెండు గుడ్డలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక ప్రశ్న పుడుతుంది. లోపలి ఆకు ఎందుకు శుభ్రంగా ఉంది? బయటి ఆకులు మురికినంతా పట్టేసుకున్నాయనా? లేక మురికి అంతదూరం రాలేదనా?

అమెరికా లెక్క

మొదటి జవాబు చెప్పడానికి ఒక ప్రసిద్ధమైన లెక్క ఉంది. అమెరికాలో నోవాక్, ఆయన సహచరులు 2006లో ఆ దేశపు నగరాల చెట్లన్నీ కలిసి గాలిలోని మురికిని ఎంత తీస్తున్నాయో గణించారు. ఏడాదికి 7 లక్షల 11 వేల టన్నులని తేలింది. అబ్బో అనిపిస్తుంది. కాని అదే వ్యాసంలో ఇంకొక అంకె ఉంది. దీనివల్ల నగర గాలి నాణ్యతలో వచ్చిన మెరుగుదల సాధారణంగా 1 శాతంకంటె తక్కువ! గాలి సముద్రం చాలా పెద్దది. మనం వదిలే మురికి మరీ ఎక్కువ.

అంతేకాదు. ఇరుకు వీధికి రెండువైపులా ఎత్తైన మేడలుండి, పైన చెట్ల కొమ్మలు కలుసుకుంటే కింద పొగ బయటికి పోక నిలిచిపోతుంది. జామాయిల్ వంటి కొన్ని చెట్లు ఐసోప్రీన్ అనే వాయువును వదులుతాయి. అది ఎండలో వాహనాల పొగతో కలిసినప్పుడు ఓజోన్ పుట్టడానికి సాయపడుతుంది. కాబట్టి ఏ చెట్టైనా, ఎక్కడైనా, ఎన్నైనా అనే సూత్రం చెల్లదు.

ఇక్కడిదాకా చదివి "ఐతే పార్కు ఉంటేనేం, పోతేనేం?" అని కొందరు అడగవచ్చు. అలా అనుకుంటే పొరపాటు. పార్కు విలువను మనం తప్పు చోట వెదుకుతున్నాం, అంతే.

దూరమే మందు

మన ఫిల్మ్‌నగర్‌కు పెద్దన్నలాంటి హాలీవుడ్ లాస్ ఏంజెల్స్ నగరంలో ఉంది. 1940, 50లలో ఆ నగరం కళ్ళు మండించే పొగమంచుతో అల్లాడింది. అది మోటారు వాహనాల వల్ల, చమురు శుద్ధి కర్మాగారాల వల్ల పుడుతోందని హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త నిరూపించాడు. ఆ నగరం బాగుపడింది ముఖ్యంగా చెట్లవల్ల కాదు, వాహనాల పొగ మీద గట్టి చట్టాలు చేయడంవల్ల. అదే నగరంలో 2002లో ఒక పెద్ద రహదారి పక్కన పరిశోధకులు కొలతలు తీశారు. రోడ్డు అంచున అతి సన్నని కణాలు విపరీతంగా ఉన్నాయి. దూరం పోయినకొద్దీ త్వరత్వరగా తగ్గి, సుమారు 300 మీటర్లు దాటాక మామూలు స్థాయికి వచ్చాయి.

ఇదే నా రెండవ ప్రశ్నకు జవాబు. పార్కు మధ్యలో గాలి మెరుగ్గా ఉండటానికి ముఖ్య కారణం చెట్లు ధూళిని మింగేయడం కాదు. అక్కడ బండి తిరగకపోవడం. 352 ఎకరాల్లో పొగగొట్టం లేదు, రోడ్డు దుమ్ము లేదు, పునాది తవ్వకం లేదు. పార్కు చేసే మేలు అది తీసేసే మురికిలోకంటె, అది పుట్టనివ్వని మురికిలో ఎక్కువ ఉంది. దీనికి చెట్ల నీడ, ఆకులనుంచి ఆవిరయ్యే నీరు ఇచ్చే చల్లదనం తోడు. వేడి తగ్గితే ఓజోన్ పుట్టే రసాయన చర్య కూడా నెమ్మదిస్తుంది.

గట్టు లెక్క

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా పత్తిచేను ఒకవైపు తారు రోడ్డుకు ఆనుకుని ఉంది. రోడ్డుపక్క మొక్కల మీద దుమ్ము పేరుకుంటుంది, పశువులు మూతి పెడతాయి. దిగుబడి అంచనా వేసేటప్పుడు మా నాయన ఎప్పుడూ ఒక మాట అంటాడు: "రోడ్డుపక్క నాలుగు సాళ్ళు లెక్కల వెయ్యకురా, చేను నడిమిట్ల చూడు." పార్కుకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది.

పార్కును లెక్క సులువుకోసం చదరంగా ఉందనుకుందాం. 142.5 హెక్టార్లంటే ఒక్కొక్క పక్క సుమారు 1194 మీటర్లు. అన్నివైపులా రోడ్డే ఉందనుకుని, 300 మీటర్ల దాకా రోడ్డు ప్రభావం ఉంటుందనుకుంటే, మిగిలే నడిమి భాగం పక్క 594 మీటర్లు. వైశాల్యం సుమారు 35 హెక్టార్లు. అంటే మొత్తం పార్కులో నాలుగో వంతే నిజమైన "నడిమిచేను".

ఇప్పుడు నాలుగువైపులా 30 మీటర్ల చొప్పున రోడ్డుకు పోయిందనుకుందాం. ఇది ఏ పథకంలోని అంకె కాదు, లెక్కకోసం అనుకున్నది మాత్రమే. పార్కు పక్క 1134 మీటర్లవుతుంది. వైశాల్యం 128.6 హెక్టార్లకు దిగుతుంది. అంటే పోయింది సుమారు 10 శాతం. "పదో వంతే కదా" అంటారు. కాని నడిమి భాగం పక్క 534 మీటర్లవుతుంది, వైశాల్యం 28.5 హెక్టార్లు. అంటే 19 శాతం పోయింది. గట్టున పదో వంతు కోస్తే నడుమ ఐదో వంతు పోతుంది! మన రోడ్లు లాస్ ఏంజెల్స్ రోడ్డంత పెద్దవి కావు, ప్రభావం 150 మీటర్లే అంటారా? అప్పుడు కూడా నడిమి నష్టం 13 శాతం. పైగా అసలు పార్కు చదరంగా లేదు. హద్దు మెలికలు తిరిగినకొద్దీ గట్టు పెరుగుతుంది, నడుమ తరుగుతుంది.

ఇదే లెక్కతో "ఇక్కడ ఒక చెట్టు కొడితే వేరేచోట పది మొక్కలు నాటుతాం" అనే హామీని కూడా తూచవచ్చు. రోడ్డు డివైడరు మీద మూడు మీటర్ల వెడల్పున ఎన్ని వేల మొక్కలు నాటినా అందులో నడిమి భాగం సున్నా. అంతా గట్టే. పది గుంటల చొప్పున పదిచోట్ల ముక్కలుగా ఉన్న భూమి, ఒక్కచోట ఉన్న వంద గుంటల భూమితో సమానం కాదని రైతుబిడ్డలకు వేరే చెప్పనక్కరలేదు.

తగవు ఎక్కడిది?

2016లో పార్కు చుట్టూ ఉన్న కూడళ్ళలో అంతస్తుల ఫ్లైఓవర్లు కట్టే పథకం వచ్చింది. వెయ్యికి పైగా చెట్లు పోతాయని తెలిసి పౌరులు ఆందోళన చేశారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ చెట్ల నరికివేతను నిలిపివేసింది. 2020లో కేంద్ర ప్రభుత్వం పార్కు హద్దుల వెలుపల ఉండవలసిన రక్షిత మండలాన్ని 3 మీటర్లనుంచి 29.8 మీటర్ల వెడల్పుగా నిర్ణయించింది. 2024లో పార్కు చుట్టూ కూడళ్ళకు ఫ్లైఓవర్లు, అండర్‌పాసులతో మళ్ళీ ఒక పథకం మంజూరైంది.

రోడ్లు కావాలనేవారి వాదన కొట్టిపారేయదగింది కాదు. సిగ్నలు దగ్గర నిలిచిన బండి ఊరికే పొగ వదులుతుంది. జూబిలీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర సాయంత్రం ఆరింటికి బస్సులో ఇరుక్కున్నవాడికి ఫ్లైఓవరు స్వర్గానికి నిచ్చెనలాగే కనిపిస్తుంది. కాని 2011లో డ్యూరాంటన్, టర్నర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా నగరాలను పరిశీలించి, రహదారులు ఎంత పెరిగితే వాహనాల తిరుగుడు కూడా దాదాపు అంతే పెరుగుతున్నదని చూపారు. కాలువ వెడల్పు చేస్తే నీళ్ళు ఎక్కువ పారినట్టే, రోడ్డు వెడల్పు చేస్తే బండ్లు ఎక్కువ వస్తాయి. ఐతే పోయిన నడిమిచేను మాత్రం తిరిగి రాదు. ఇదే చెక్‌పోస్టు మీదుగా 2019నుంచి మెట్రో రైలు నడుస్తోంది. 2020 ఏప్రిల్‌నుంచి భారత్ స్టేజ్-6 ప్రమాణాలు వచ్చి, ఇంధనంలో గంధకం పదిలక్షల పాళ్ళలో 50 నుంచి 10కి దిగింది. మురికిని పుట్టేచోటే తగ్గించే దారులంటే ఇవి.

తుప్పల్ని తక్కువ చేయవద్దు

మిర్చి, పెసర చేలచుట్టూ నాలుగు సాళ్ళు జొన్న దట్టంగా వేసే అలవాటు మనకుంది. బయటి పురుగును అది అడ్డుకుంటుంది. రోడ్డు పొగకు కూడా దాదాపు ఇదే ఉపాయం. రోడ్డుపక్క పచ్చని అడ్డు ఎలా ఉండాలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2016లో సూచనలిచ్చింది. కనీసం 5 మీటర్ల ఎత్తు, 10 మీటర్ల మందం ఉండాలి. నేలనుంచి పైదాకా సందు లేకుండా ఆకు ఉండాలి. కింద బోసిగా, పైన గొడుగులాగా ఉండే చెట్ల వరుస పొగను ఆపదు. అందమైన పచ్చికకోసం అంచుల్లో తుప్పలు కొట్టి శుభ్రం చేయడమంటే చేనుచుట్టూ జొన్న పీకేయడమే. పార్కులో మనకు పిచ్చిమొక్కలుగా కనిపించే ముళ్ళకంప చేస్తున్న పని పూలకుండీ చేయలేదు.

ఎవరి ఊపిరి?

ఉదయం పార్కులో నడిచేవారిలో కలవారు ఎక్కువ. తప్పు లేదు. కాని ఫిల్మ్‌నగర్ బస్తీల్లో, ఇరుకు సందుల్లో ఉండేవారు, సెట్లు వేసే వడ్రంగులు, లైట్లు మోసేవారు, రోడ్లూడ్చే అక్కలు రోజంతా ఆ ధూళిలోనే పనిచేస్తారు. వారికి పొద్దున్నే నడకకు తీరిక ఎక్కడిది? కనుక పార్కు ఉంది గదా అని గాలి సంగతి మరచిపోరాదు. పార్కు అక్కడ ఉండాలి. రోడ్డు మీద పొగా తగ్గాలి. ఒకటి చేశామని రెండోది వదిలేయడం కుదరదు.

మనం చేయగలిగింది

మిత్రులారా, విద్యార్థులుగా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. చలికాలంలో తెల్లవారుజామున చల్లని గాలి నేలకు అంటుకుని ఉంటుంది, పైన వెచ్చని పొర మూతలాగా నిలుస్తుంది. అప్పుడు పొగ పైకి పోలేదు. ఆ రోజుల్లో పొద్దెక్కాక నడవండి, రోడ్డు వెంబడి కాక లోపలిదారిన నడవండి. వీలున్నవారు సొంత బండి మాని మెట్రో, బస్సు ఎక్కండి. మన కాలేజీ ఆవరణలోనూ అంచున నాటడంతో తృప్తిపడక, బండి తిరగని ఒక పెద్ద ముక్కను ముక్కగానే ఉంచమని అడుగుదాం.

అడిగితే ఏమవుతుంది అనకండి. 2025లో హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల చెట్లకు గొడ్డలి తగిలినప్పుడు మనలాంటి విద్యార్థులే ముందు నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరకడం ఆపమన్నది. ఐతే నినాదం ఒక్కటే చాలదు, చేతిలో లెక్క కూడా ఉండాలి. ఇకమీదట ఎవరైనా "ఎన్ని చెట్లు పోతాయి?" అని మాత్రమే మాట్లాడితే, మనం ఇంకొక ప్రశ్న కలుపుదాం: "నడిమి భాగం ఎంత మిగులుతుంది?" ఆ ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్పగల పథకాన్నే మనం ఒప్పుకోవాలని నా మనవి.